చూడి కట్టని ఆవులకు హార్మోన్ ఇంజెక్షన్లు: ఏ ఆవుకు, ఎప్పుడు, ఎందుకు

ప్రశ్న: మా పాకలో పద్నాలుగు ఆవులు, మూడు పెయ్యలు ఉన్నాయి. ఆవుల్లో ఆరు ఈని మూడు నెలలు దాటినా చూడి కట్టలేదు. వాటిలో మూడింటికి అసలు ఎదే కనిపించడం లేదు. రెండు ఎప్పుడు ఎదకు వచ్చి పోతున్నాయో మేము పట్టుకోలేకపోతున్నాం. ఒకటి క్రమం తప్పకుండా ఎదకు వస్తుంది గానీ, నాలుగుసార్లు కృత్రిమ గర్భధారణ చేయించినా తిరిగి పొర్లుతోంది. హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తే అన్నీ ఒకే రోజున ఎదకు వస్తాయని, పెయ్యలకు కూడా కలిపి వేయించమని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు. ఇవి నిజంగా పనిచేస్తాయా? అలవాటు పడితే పశువు మళ్లీ సొంతంగా ఎదకు రాదంటున్నారు, నిజమేనా? పాలు తాగేవారికి హాని ఉంటుందా? ఇంకో విషయం. కిందటి నెల ఒక ఆవుకు ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ మేమే వేశాం. మూడో రోజున అది ఈసుకుపోయింది. అది చూడిదని మాకు అప్పటివరకు తెలియదు.

సమాధానం: మీరు చివరగా, కాస్త మొహమాటంతో రాసిన విషయం నుంచే నేను మొదలుపెడతాను. ఆ ఆవు ఎందుకు ఈసుకుపోయిందో తెలిస్తే మీరు అడిగిన మిగిలిన ప్రశ్నల్లో సగం వాటంతట అవే విడిపోతాయి.

అండాశయంలో అండం విడుదలైన చోట, పగిలిన పుటిక (అండం పెరిగే నీటి బుడగ) గోడల నుంచే, కార్పస్ లూటియం అనే చిన్న కండ పెరుగుతుంది. కోసి చూస్తే పసుపు, నారింజ కలిసిన రంగులో ఉంటుంది. ఆ పేరుకు అర్థం కూడా పసుపు దేహమనే. ఇది స్రవించే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ గర్భకోశాన్ని కదలకుండా నెమ్మదిగా ఉంచి పిండాన్ని నిలుపుతుంది, మరో ఎద రాకుండా ఆపుతుంది. ఆవులో మొదటి ఐదు నెలల చూడి దాదాపు పూర్తిగా ఈ కండ మీదే ఆధారపడి ఉంటుంది. ప్రోస్టాగ్లాండిన్ చేసే ముఖ్యమైన పని ఆ కండను కరిగించడం. చూడి లేని ఆవులో అది కరిగితే రెండు నుంచి ఐదు రోజుల్లో ఎద వస్తుంది. చూడి ఉన్న ఆవులో కరిగితే పిండం పోతుంది. ఈ రెండిటికీ తేడా మందుకు తెలియదు, వేసేవాళ్లకే తెలిసి ఉండాలి. ఎదకు రావడం లేదని మనం అనుకునే ఆవుల్లో కొన్ని చూడి నిలిచినందువల్లే ఎదకు రానివి ఉంటాయన్న సంగతి పశువైద్యులు రోజూ చూసేదే. ఎప్పుడో గమనించకుండా దాటిపోయిన ఎదలో ఆబోతు కలిసి ఉండవచ్చు, లేదా పాత కృత్రిమ గర్భధారణే నిలిచి ఉండవచ్చు.

ఆ ఆవుకు మాయ పూర్తిగా పడిందో లేదో, గర్భకోశంలో చీము చేరిందో లేదో ఒకసారి పరీక్ష చేయించండి. శుభ్రంగా ఉంటే, తర్వాత వచ్చే ఎదల్లో దాన్ని మామూలుగానే కట్టించుకోవచ్చు. ఈ ఇంజెక్షన్ ఒకసారి పిండాన్ని పోగొట్టినంత మాత్రాన ఆవు గొడ్డుపోదు. అయితే ఈసుకుపోవడానికి బ్రూసెల్లోసిస్ లాంటి అంటువ్యాధులు కూడా కారణం కావచ్చు కాబట్టి, ఇంజెక్షన్ సంగతి తెలిసినా సరే, పడిన పిండాన్నీ మాయనూ ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఇకముందు మీ పాకలో ఏ ఆవుకైనా చూడి పరీక్ష లేకుండా ప్రోస్టాగ్లాండిన్ వేయకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆవు ఎదచక్రం సగటున 21 రోజులు. 18 నుంచి 24 రోజుల మధ్య ఎంతైనా సహజమే. ఈ మూడు వారాలూ అండాశయంలో పని జరుగుతూనే ఉంటుంది. రెండు లేక మూడు దఫాలుగా, అలల మాదిరిగా, పుటికల గుంపులు పైకి వస్తాయి. ప్రతి గుంపులో ఒకటి మిగిలినవాటిని అణచి తాను పెద్దదవుతుంది. కార్పస్ లూటియం బలంగా ఉన్నంతకాలం ఆ పెద్ద పుటిక కూడా పగలకుండానే కుంచించుకుపోతుంది, దాని వెనుక మరో గుంపు లేస్తుంది. చక్రంలో 16, 17 రోజులు గడిచేసరికి, లోపల పిండం ఉన్నట్టు సంకేతం అందకపోతే, గర్భకోశం తానే ప్రోస్టాగ్లాండిన్‌ను విడుదల చేసి ఆ కండను కరిగిస్తుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. ఆ సమయానికి పెరుగుతున్న పుటికకు అడ్డు తొలగి, అది స్రవించే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల ఆవు అరుస్తుంది, తీగలు (యోని నుంచి సాగే జిగట స్రావం) వేస్తుంది, పక్క ఆవు ఎక్కితే కదలకుండా నిలబడుతుంది. అదే ఈస్ట్రోజన్ మెదడు నుంచి ఆజ్ఞలిచ్చే హార్మోన్ జీఎన్‌ఆర్‌హెచ్‌ను, దాని ద్వారా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాన్ని విడుదల చేయించే హార్మోన్ ఎల్‌హెచ్‌ను ఉప్పెనలా విడుదల చేయిస్తుంది. ఆ ఉప్పెన తర్వాత సుమారు 28 గంటలకు అండం బయటపడుతుంది. బయటపడిన అండం బతికేది కొద్ది గంటలే. అందుకే ఉదయం ఎదలో కనిపించిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం కనిపించిన ఆవుకు మర్నాటి ఉదయం వీర్యం వేయించమంటారు.

మనం వేసే ఇంజెక్షన్లు ఈ వరుసలో లేని కొత్త ఘట్టాన్ని సృష్టించవు. సహజంగా ఎప్పుడో ఒకప్పుడు జరగవలసినదాన్ని మనకు కావలసిన రోజుకు, కావలసిన గంటకు జరుపుతాయి, అంతే. గర్భకోశం 17వ రోజున చేసే పనిని ప్రోస్టాగ్లాండిన్‌తో ముందే చేయిస్తాం. మెదడు ఇచ్చే ఆజ్ఞను జీఎన్‌ఆర్‌హెచ్‌తో మనం ఇస్తాం. కార్పస్ లూటియం లేని ఆవుకు, అది ఉన్నట్టుగా, యోనిలో అమర్చే పరికరం ద్వారా ప్రొజెస్టిరాన్‌ను కొన్నాళ్లు అందిస్తాం. జీఎన్‌ఆర్‌హెచ్ పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాని నిర్మాణం 1971లో తేలింది, ఆ పరిశోధనకు గియెమాన్, షాలీ అనే శాస్త్రవేత్తలకు 1977లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ప్రోస్టాగ్లాండిన్ ఆవుల్లో కార్పస్ లూటియాన్ని కరిగిస్తుందని 1970ల ఆరంభంలోనే రుజువైంది. అంటే ఇవి నిన్నమొన్న వచ్చిన మందులు కావు. యాభై ఏళ్లుగా వీటి బలమూ బలహీనతా పశువైద్యులకు తెలుసు.

బలహీనత ఎక్కడుందో ముందు చెబుతాను. కరిగించడానికి కార్పస్ లూటియం లేకపోతే ప్రోస్టాగ్లాండిన్ ఏమీ చేయదు. ఉన్నా, అండం విడుదలైన మొదటి ఐదు రోజుల్లో ఆ లేత కండ ఈ మందుకు లొంగదు. పగలడానికి తగినంత పెరిగిన పుటిక లేకపోతే జీఎన్‌ఆర్‌హెచ్ ఆజ్ఞ ఇచ్చినా వినేది ఉండదు. కాబట్టి మీ ఆరు ఆవులకూ ఒకే రోజున ఒకే ఇంజెక్షన్ వేస్తే కొన్ని ఎదకు వస్తాయి, కొన్ని రావు, రానివాటిని చూసి మందు నకిలీదని మీరు అనుకుంటారు. ముందు జరగవలసింది పరీక్ష.

ఆ పరీక్షలో పశువైద్యుడు ఏం చూస్తాడో చెబుతాను, ఎందుకంటే చాలామంది రైతులు చెయ్యి పెట్టి చూడటమంటే చూడి ఉందా లేదా అన్నంతవరకే అనుకుంటారు. పురీషనాళంలో చెయ్యి ఉంచి, దాని పలుచటి గోడ మీదుగా అండాశయాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుంటారు. పెద్ద పుటిక ఉంటే, నీళ్లు నింపిన చిన్న బుడగలా, నొక్కితే మెత్తగా కదులుతున్నట్టు తగులుతుంది. ఎదనాటికి పాడి ఆవులో అది సుమారు 15 నుంచి 18 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. కార్పస్ లూటియం అయితే అండాశయం మీద బొడిపెలా పైకి పొడుచుకువచ్చి, కాలేయపు ముక్కంత గట్టిగా తెలుస్తుంది. ఈ రెండూ లేక, అండాశయాలు చిన్నవిగా, నున్నగా, చదునుగా తగిలితే ఆ ఆవులో చక్రమే ఆగిపోయిందని అర్థం. స్కానింగ్ యంత్రం ఉంటే ఇదంతా తెర మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లేకపోయినా పది రోజుల ఎడంతో రెండుసార్లు చేతితో చూస్తే చాలావరకు తేలుతుంది.

ఎదే కనిపించని మీ మూడు ఆవులు ఈ పరీక్షలో ఒకే గుంపులో పడకపోవచ్చు. ఒకదానిలో చక్కటి కార్పస్ లూటియం దొరికితే, అది ఎదకు వస్తూనే ఉందని, పైకి చూపడం లేదని తెలుసుకోవాలి. దీన్నే మూగఎద అంటాం. ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఎద కొద్ది గంటలే ఉండటం, అదీ రాత్రిపూట జరిగిపోవడం మామూలే. ఎక్కువ మేత తినే ఆవులో కాలేయం గుండా రక్తం ఎక్కువగా ప్రవహించి, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రెండూ త్వరగా ఖర్చయిపోవడం దీనికి ఒక కారణం. ఇలాంటి ఆవుకు, చూడి లేదని తేల్చుకున్న తర్వాత, ఒక్క ప్రోస్టాగ్లాండిన్ చాలు. రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు ఒకసారి గమనించి, ఎద చూసి కట్టించండి. మరోదానిలో గర్భకోశం బరువుగా, చీముతో నిండి ఉండవచ్చు. అక్కడ కార్పస్ లూటియం కరగకుండా నిలిచిపోయి ఎదను ఆపుతుంది. అక్కడా మందు ప్రోస్టాగ్లాండినే, కానీ వెంటనే కట్టించకూడదు, గర్భకోశం శుభ్రపడాలి. అండాశయం మీద రెండున్నర సెంటీమీటర్లు దాటిన నీటి తిత్తి ఉంటే జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి, ఏడు రోజుల తర్వాత ప్రోస్టాగ్లాండిన్ ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ తిత్తిని చేత్తో చిదమడం పాత అలవాటు. దానివల్ల రక్తస్రావమై అండాశయం చుట్టుపక్కల భాగాలకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరైనా చేస్తానంటే వద్దనండి.

నున్నటి అండాశయాలున్న ఆవు సంగతి వేరు, దాని గురించి కాస్త ఎక్కువగానే రాయాలి. ఈనిన తొలి వారాల్లో ఆవు తినేదానికంటే పాలలో పోగొట్టుకునేది ఎక్కువ. ఆ లోటును ఒంట్లోని కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది. లోటు మరీ ఎక్కువైతే మెదడు నుంచి పిట్యూటరీకి వెళ్లే సంకేతాలు పలచబడి, పుటికలు పెరిగినట్టే పెరిగి ఎండిపోతాయి. దూడ రోజంతా తల్లి దగ్గరే ఉండి పాలు కుడుస్తుంటే ఈ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. 1 నుంచి 5 వరకు ఉండే శరీర స్థితి కొలమానంలో ఈనేనాటికి 3, లేదా కొంచెం పైన ఉన్న ఆవు, ఈనిన తర్వాత ఒక పాయింటుకు మించి తగ్గితే చూడి కట్టే అవకాశం స్పష్టంగా పడిపోతుంది. మీ ఆవు తుంటి ఎముకలు, వెన్ను మొనలు దూరం నుంచే లెక్కపెట్టగలిగేలా కనిపిస్తుంటే, దానికి మొదట కావలసింది దాణా, ఖనిజ లవణ మిశ్రమం, పురుగుల మందు అవసరమా అన్న పరీక్ష. ఇంజెక్షన్ సంగతి ఆ తర్వాత. ఒంటి తీరు ఫర్వాలేదనిపించే ఆవుకైతే ప్రొజెస్టిరాన్ పరికరాన్ని ఏడు రోజులు యోనిలో ఉంచి, తీసే సమయానికి ప్రోస్టాగ్లాండిన్, అవసరాన్ని బట్టి పుటికను పెంచే ఇసిజి హార్మోన్ ఇస్తారు. ప్రొజెస్టిరాన్ కొన్నాళ్లు ఉండి ఒక్కసారిగా తొలగినప్పుడు, నిద్రపోతున్న చక్రం మళ్లీ కదులుతుంది. పరికరం తీసేటప్పుడు దానికి చిక్కటి స్రావం అంటుకుని, కొంచెం వాసన వస్తుంది. చూసి కంగారు పడనవసరం లేదు, రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

ఎద పట్టుకోలేకపోతున్న ఆ రెండు ఆవుల విషయానికి వస్తే, మీకు సలహా ఇచ్చినవారు చెప్పింది బహుశా ఓవ్‌సింక్ పద్ధతి గురించే అయి ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1995లో ప్రచురించిన ఈ పద్ధతిలో గొప్పతనం ఏమిటంటే, ఎదను చూడనవసరమే లేదు. క్యాలెండరు, గడియారం చూస్తే చాలు. ఉదాహరణకు సోమవారం ఉదయం ఎనిమిదింటికి జీఎన్‌ఆర్‌హెచ్ ఇస్తారు. పగలగల పుటిక ఉంటే పగిలి కొత్త కార్పస్ లూటియం మొదలవుతుంది, రెండు రోజుల్లోపు కొత్త పుటికల గుంపు లేస్తుంది. వచ్చే సోమవారం ఉదయం ఎనిమిదింటికి ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చి కార్పస్ లూటియాన్ని కరిగిస్తారు. మొదట్లో రెండో జీఎన్‌ఆర్‌హెచ్‌ను దీని తర్వాత 48 గంటలకు ఇచ్చేవారు. పుటిక పక్వానికి మరికొన్ని గంటలు దొరికితే మేలని తర్వాత తేలడంతో ఇప్పుడు 56 గంటలకు, అంటే బుధవారం సాయంత్రం నాలుగింటికి ఇస్తున్నారు. ఆపై 16 గంటలకు, గురువారం ఉదయం ఎనిమిదింటికి, ఎద లక్షణాలు ఉన్నా లేకపోయినా వీర్యం వేస్తారు. చాలా ఆవులు ఆ రోజు తీగ కూడా వేయవు. అది చూసి వీర్యం వేసేవారిని వెనక్కి పంపేసిన రైతులు నాకు తెలుసు, పది రోజుల శ్రమ అలా పోగొట్టుకున్నారు.

ఫలితం ఎంత? పాలిచ్చే ఆవుల్లో ఈ పద్ధతితో ఒకసారి వీర్యం వేయిస్తే సాధారణంగా నూటికి 30 నుంచి 40 చూడి కడతాయి. మంచి ఎద చూసి కట్టించినప్పుడు వచ్చే శాతం కంటే ఇది గొప్పదేమీ కాదు, కొన్నిసార్లు కొంచెం తక్కువే. మరి లాభం ఎక్కడుందంటే, లెక్క ఇలా వేయండి. పది ఆవుల్లో ఎద చూసి మీరు పట్టుకోగలిగేది ఐదింటినే అనుకుందాం. వాటిలో నూటికి 40 వంతున కడితే చూడివి రెండు. అదే పది ఆవులకూ గడియారం ప్రకారం వీర్యం వేయించి, నూటికి 35 కట్టినా చూడివి మూడు లేక నాలుగు. హార్మోన్ గెలిపిస్తున్నది ఇక్కడ, దాటిపోతున్న ఎదల్ని దాటిపోనివ్వకపోవడంలో. ఎదను శ్రద్ధగా పట్టుకోగల మనిషి పాకలో ఉంటే ఈ లాభంలో చాలాభాగం అతనే ఇస్తాడు, సూది అవసరం లేకుండా.

ఓవ్‌సింక్ విఫలమైనచోట నేను మొదట అడిగేది తేదీలు. ఒక్కో మెట్టు నూటికి 90 ఆవుల్లో సరిగ్గా జరిగిందనుకున్నా, మూడు ఇంజెక్షన్లు, ఒక వీర్యదానం కలిపి నాలుగు మెట్లూ సరిగ్గా జరిగే ఆవులు 66 మాత్రమే మిగులుతాయి. సాయంత్రం నాలుగింటి ఇంజెక్షన్‌ను పాలు పితికాక చూద్దామని రాత్రికి వాయిదా వేయడం, పొట్టి సూదితో కండకు బదులు కొవ్వులో వేయడం, సీసాను ఎండలో కిటికీ పక్కన ఉంచడం, ఒక మోతాదును రెండు ఆవులకు పంచడం, ఇవన్నీ నేను చూసినవే. మోతాదు మందును బట్టి మారుతుంది. ప్రోస్టాగ్లాండిన్ రకాలైన క్లోప్రోస్టెనాల్ 500 మైక్రోగ్రాములు, డైనోప్రోస్ట్ 25 మిల్లీగ్రాములు ఒకే పని చేస్తాయి కానీ మిల్లీలీటర్లలో ఆ రెండూ సమానం కావు. కాబట్టి నిరుడు రెండు మిల్లీలీటర్లు వేశామన్న జ్ఞాపకంతో ఈసారి వేరే కంపెనీ సీసా నుంచి అంతే తీయకండి. మరో మాట. ఈ పద్ధతిలో కార్పస్ లూటియం పూర్తిగా కరగని ఆవులు కొన్ని మిగులుతాయి. ప్రోస్టాగ్లాండిన్‌ను 24 గంటల తర్వాత మరోసారి ఇస్తే ఆ లోపం తగ్గుతుంది. మీ పశువైద్యులతో దీని గురించి మాట్లాడండి.

పెయ్యలను ఈ గుంపులో కలపకండి. పెయ్యల్లో పుటికల అలలు త్వరత్వరగా మారుతుండటంతో మొదటి జీఎన్‌ఆర్‌హెచ్‌కు అవి అంతగా స్పందించవు, ఓవ్‌సింక్ ఆవుల్లో ఇచ్చినంత ఫలితం ఇవ్వదు. పెయ్యలు ఎదను బాగా చూపుతాయి కాబట్టి, చక్రం నడుస్తున్నవాటికి 11 నుంచి 14 రోజుల ఎడంతో రెండు ప్రోస్టాగ్లాండిన్లు ఇచ్చి, ఎద చూసి కట్టించడమే తేలిక. అంతకంటే ముందు వాటి బరువు చూడండి. ఆ జాతి పెద్ద ఆవు బరువులో సగానికి పైగా, మెరుగ్గా అయితే 60 శాతం వరకు పెరగని పెయ్యను ఇంజెక్షన్‌తో తొందరపెడితే, చూడి కట్టినా ఈత కష్టమవుతుంది. మగ దూడతో కవలగా పుట్టిన పెయ్య వాటిలో ఉందేమో కూడా గుర్తు తెచ్చుకోండి. అలాంటివి పదింటికి తొమ్మిది పుట్టుకతోనే గొడ్డువి. కడుపులో ఉండగానే మగ దూడ రక్తం కలవడంతో వాటి జననేంద్రియాలు సరిగ్గా ఏర్పడవు. ఏ హార్మోనూ వాటిని మార్చలేదు.

నాలుగుసార్లు పొర్లిన ఆవుకు ఎద తెప్పించే ఇంజెక్షన్ ఎందుకు? దానికి ఎద వస్తూనే ఉంది. అక్కడ వెతకవలసింది వేరే. వీర్యం వేసిన సమయం సరైనదేనా అన్నది మొదటి అనుమానం. వీర్యం వేసిన రోజు పాలలో ప్రొజెస్టిరాన్ పరీక్ష చేసి ఎక్కువగా ఉంటే, ఆ రోజు అది అసలు ఎదలోనే లేదని తేలిపోతుంది. తీగ గాజులా తేటగా ఉందా, లేక తెల్లటి తునకలతో మసకగా ఉందా చూడండి. మసకగా ఉంటే గర్భకోశంలో వాపు ఉందని అర్థం, మందు దానికి కావాలి. గడ్డకట్టించిన వీర్యపు గొట్టాన్ని 35 నుంచి 37 డిగ్రీల గోరువెచ్చటి నీటిలో కరిగిస్తున్నారా, గర్భకోశ ముఖద్వారం దాటిన వెంటనే వదులుతున్నారా అన్నదీ గమనించదగినదే. ఇవన్నీ సరిగ్గా ఉండి, ఎద రెండు రోజుల పాటు సాగుతుంటే, అండం ఆలస్యంగా విడుదలవుతోందని అనుమానించి, వీర్యం వేసేటప్పుడే జీఎన్‌ఆర్‌హెచ్ ఇవ్వవచ్చు. పదేపదే పొర్లే ఆవుల్లో దీనివల్ల కొంత మేలు కనబడింది. కొంతే అంటున్నాను, ఎందుకంటే ఆవుల్లో ఎక్కువ నష్టం అండం ఫలదీకరణ చెందకపోవడం వల్ల కంటే, చెందిన పిండం తొలి రెండు మూడు వారాల్లోనే పోవడం వల్ల జరుగుతుంది. ఎండ తాపం, గర్భకోశ వాపు, ప్రొజెస్టిరాన్ తక్కువ కావడం, ఇవన్నీ అక్కడ కారణాలే.

అలవాటు గురించిన భయం అనవసరమైనది. ఇవి మత్తుమందుల వంటివి కావు. ప్రోస్టాగ్లాండిన్ రక్తంలో నిలిచేది నిమిషాలు లేక గంటలే, జీఎన్‌ఆర్‌హెచ్ కూడా అంతే, ఆపై ఆవు తన చక్రాన్ని తానే నడుపుకుంటుంది. ఇంజెక్షన్ తర్వాత కట్టకుండా 21 రోజులకు తిరిగి ఎదకు వచ్చిన ఆవు ఆ పని సొంతంగానే చేస్తోంది. ఈ మాట ఎలా పుట్టిందో ఊహించగలను. మేత లోటు సరిచేయకుండా ఏటా ఇంజెక్షన్ మీదే నడిపిన ఆవుకు, ఏటా అదే లోటు వస్తుంది, ఏటా ఎద ఆగిపోతుంది, చూసేవాళ్లకు అది ఇంజెక్షన్‌కు అలవాటు పడినట్టే కనిపిస్తుంది.

పాల సంగతి కూడా దాదాపు ఇంతే. జీఎన్‌ఆర్‌హెచ్ చిన్న ప్రోటీన్ ముక్క, కడుపులోకి వెళ్తే అరిగిపోయేది. ప్రోస్టాగ్లాండిన్ శరీరంలోనే వేగంగా విరిగిపోతుంది. ప్రొజెస్టిరాన్ చూడి ఆవు పాలలో సహజంగానే ఉంటుంది. అయినా ఎన్ని రోజులు పాలు, మాంసం వాడకూడదన్నది ఒక్కో తయారీకి ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా నిర్ణయిస్తారు కాబట్టి సీసా మీద ఉన్నదే పాటించండి. ఈస్ట్రోజన్ రకమైన ఈస్ట్రడయాల్ ఇంజెక్షన్‌తో ఎద తెప్పిస్తామనేవారు ఉంటారు. యూరోపియన్ యూనియన్ దాన్ని ఆహారానికి పెంచే పశువుల్లో నిషేధించింది, పాడి ఆవుకు దాని అవసరం కూడా లేదు, వద్దనండి. పాలు చేపించడానికి కొందరు వేసే ఆక్సిటోసిన్‌ను ఈ మందులతో కలిపి ఆలోచించకండి, దాని పని వేరు.

హాని నిజంగా ఎవరికైనా ఉందంటే, అది ఇంజెక్షన్ వేసే మనిషికి. ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా కూడా లోపలికి ఇంకుతుంది. గర్భిణులు ఈ సీసాను ముట్టుకోకూడదు, ఉబ్బసం ఉన్నవారూ అంతే. మిగిలినవారు చేతి తొడుగులు వేసుకుని, ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. మీ ఇంట్లో పాకపని ఎవరు చేస్తారో నాకు తెలియదు గానీ, ఆడవాళ్లు చేస్తుంటే ఈ మాట వాళ్లకే నేరుగా చెప్పండి.

అన్నిటికీ ఒకేసారి అన్న సలహాను నేను ఒప్పుకోను. ఒకే వారంలో కట్టినవి 280 రోజుల తర్వాత ఒకే వారంలో ఈనుతాయి. ఆ రాత్రుళ్లలో కాపలా ఎవరు, జున్నుపాలు తాగించవలసిన దూడలెన్ని, పాలు ఒకేసారి పొంగి ఒకేసారి ఒట్టిపోతే ఏడాది గడిచేదెలా అని ముందు ఆలోచించండి. ఇప్పటికైతే మొదట ఆరింటినీ పరీక్ష చేయించి, కార్పస్ లూటియం ఉన్నవాటికి ఒక్క ప్రోస్టాగ్లాండిన్‌తోను, ఎద దొరకని ఆ రెండింటికి ఓవ్‌సింక్‌తోను మొదలుపెట్టి, ఒళ్లు చిక్కినవాటిని రెండు నెలలు మేపి తర్వాత చూడండి. ఒక్కో ఆవుకు ఈనిన తేదీ, ఎద చూసిన తేదీ, ఇంజెక్షన్ పేరు, గంట రాసే పుస్తకం ఒకటి పాకలోనే వేలాడదీయండి. వీర్యం వేసిన తర్వాత 18 నుంచి 24 రోజుల మధ్య మళ్లీ ఎదకోసం కనిపెట్టి చూడండి, ఎద రాకపోతే స్కానింగ్ అయితే 30 రోజులకు, చేతి పరీక్ష అయితే 40 రోజులకు పైబడి చూడి తేల్చుకోండి. ఆ పరీక్ష అయ్యేదాకా మిగిలిన ప్రోస్టాగ్లాండిన్ సీసా మీ దగ్గర కాకుండా మీ పశువైద్యుల దగ్గరే ఉండనివ్వండి.